టోక్యోలో ఫురుగి: పాత బట్టలు కొనడం, వేసుకోవడం, కాపాడుకోవడం ఎలా

మన ఇళ్ళలో పాత బట్టలకు ఒక దారి ఉంది. స్టీలు సామాన్లామె వీధిలోకి వస్తే నాలుగు ప్యాంట్లు, ఒక జరీ చీర ఇచ్చి ఒక గిన్నె తీసుకుంటాం. అంతేగానీ ఇంకొకరు విడిచిన బట్టను డబ్బిచ్చి కొనుక్కోవడం అంటే మనలో చాలామందికి ఎబ్బెట్టు. టోక్యోలో ఆ ఎబ్బెట్టు లేదు. అక్కడ దాన్ని ఫురుగి అంటారు, అంటే పాత బట్ట అనే. వీధిలో మీకు బాగా నచ్చిన వేషాల్లో చాలావాటికి పునాది ఈ ఫురుగి కొట్లే. జీతంలో పెద్ద భాగం అద్దెకే పోయే ఊళ్ళో, నాలుగు రుతువులకూ వేరువేరు బట్టలు కావాల్సిన దేశంలో, కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంతకంటే మంచి దారి లేదు. కాకపోతే రెండు చోట్ల దెబ్బతింటారు: ఒకటి సైజు, రెండోది తేమ.

ముందు ఇంట్లో టేపు తీయండి

ఫురుగి కొట్లో ఒకే హ్యాంగర్ల వరుసలో మూడు రకాల సైజులు కలిసి ఉంటాయి. జపాన్ ఎమ్ అంటే మగవాళ్ళకు ఛాతీ 88 నుంచి 96 సెంటీమీటర్లు, ఎత్తు 165 నుంచి 175. ఎల్ అంటే ఛాతీ 96 నుంచి 104. మన దగ్గర 40 నంబరు చొక్కా వేసుకునేవాళ్ళ ఛాతీ సుమారు 101 సెంటీమీటర్లు, కాబట్టి ఇక్కడ ఎల్ కిందికి వస్తారు. పక్కనే వేలాడే అమెరికా ఎమ్ దాదాపు జపాన్ ఎల్ అంత ఉంటుంది. దాని పక్కన ముప్పై ఏళ్ళ నాటి ఇంకో ఎల్, డ్రయర్లలో తిరిగి తిరిగి ఎమ్ అయిపోయి ఉంటుంది. చీటీ మీద అక్షరం చూసి కొంటే తప్పకుండా మోసపోతారు, అందులో మోసం చేసినవాడు ఎవడూ ఉండడు.

అందుకే మీకు సరిగ్గా పట్టే ఒక చొక్కా, ఒక ప్యాంటు తీసి మంచం మీద పరిచి కొలవండి. చొక్కాకు నాలుగు కొలతలు చాలు. ఒక చంక కింది నుంచి రెండో చంక కింది దాకా అడ్డంగా కొలిస్తే అది మిహబా. మెడ వెనక కాలర్ కింది కుట్టు నుంచి అంచు దాకా కితకే. ఒక భుజం కుట్టు నుంచి రెండో దాకా కతహబా. భుజం కుట్టు నుంచి చేతి అంచు దాకా సొదెతకే. భుజం కుట్టు లేని రాగ్లాన్ చేతులైతే మెడ వెనక మధ్య నుంచి మణికట్టు దాకా కొలుస్తారు, దాని పేరు యుకితకే. ప్యాంటుకు నడుముతో పాటు మతగామి, అంటే గజ్జల కుట్టు నుంచి పైపట్టీ దాకా. మతషిత, అంటే అదే కుట్టు నుంచి కాలి అంచు దాకా. వతరిహబా, అంటే తొడ వెడల్పు. ఈ అంకెలు ఫోన్లో రాసి పెట్టుకోండి. చాలా కొట్లు ఈ మాటలతోనే చీటీ మీద సెంటీమీటర్లు రాస్తాయి, పాతబట్టల యాప్‌లలోనూ ఇవే మాటలు.

మిహబా మీ చొక్కాకు రెండు సెంటీమీటర్ల అటూ ఇటూ ఉంటే పడుతుంది. లోపల ఇంకోటి వేసుకునే స్వెట్టరుకైతే మూడు నుంచి ఐదు ఎక్కువ ఉండాలి. మిహబా పరచి కొలిచిన వెడల్పు, అది ఛాతీ చుట్టుకొలతలో సరిగ్గా సగం ఉంటే చాలదు, దానికంటే ఎక్కువే ఉండాలి. బట్టలో కదలడానికి వదులు ఉంటుంది కదా. ఛాతీ 100 కదా అని మిహబా 50 ఉన్న చొక్కా తీసుకుంటే గుండీలు పెట్టుకోగలరు గానీ చెయ్యి ఎత్తలేరు.

ఆఫీసుకు పాత సూటు చూస్తుంటే చీటీ మీద ఏ5, ఏబీ6 లాంటి గుర్తులుంటాయి. అంకె ఎత్తు: 4 అంటే 165, 5 అంటే 170, 6 అంటే 175. అక్షరం ఛాతీకీ నడుముకీ మధ్య తేడా: వై అంటే 16 సెంటీమీటర్లు, ఏ అంటే 12, ఏబీ అంటే 10, బీ అంటే 8. బొజ్జ ఉన్నవాళ్ళు సిగ్గుపడకుండా బీ వైపు నడవడం మంచిది.

బూట్లు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటాయి. మన 7 నంబరు స్పోర్ట్స్ షూ సుమారు 26, 8 నంబరు 27. తోలు బూట్లకు మాత్రం ఒక సెంటీమీటరు తగ్గించి చూడండి, వాటి లెక్క వేరు. మగవాళ్ళకు 28 దాటితే, ఆడవాళ్ళకు 25 దాటితే మామూలు కొట్లలో దొరకడం కష్టం.

ఎక్కడికి, ఏ పూట

మొదటి రోజే హరాజుకు అనే పేటలోని తకెషిత వీధికి పరిగెత్తకండి. అది చూడ్డానికి బాగుంటుంది, కొనడానికి కాదు. మొదటి రెండు నెలలు సెకండ్ స్ట్రీట్, ట్రెజర్ ఫ్యాక్టరీ లాంటి గొలుసు దుకాణాల్లో తిరగండి. అక్కడ ధరలు, కొలతలు, మచ్చల వివరం చీటీ మీద ఉంటాయి, ఎవరూ వెంటపడరు. చెయ్యి తిరిగాక ఫురుగి కొట్లకు పేరున్న షిమొకితజావా, కోయెంజి పేటలకు వెళ్ళొచ్చు.

షిమొకితజావాకు షింజుకు నుంచి ఒదక్యూ లైను, షిబుయా నుంచి ఇనొకషిరా లైను. స్టేషన్‌కు ఉత్తరం, తూర్పు వైపు సందుల్లో కొట్లు కిక్కిరిసి ఉంటాయి. అందులో న్యూయార్క్ జో ఎక్స్‌చేంజ్ అనే కొట్టు ఒకప్పటి పబ్లిక్ స్నానాల గదిలో ఉంది. పేరు అమెరికాది అనుకుంటారు గానీ, జపనీస్‌లో స్నానాల చోటుకు పేరు న్యూయోకుజో. ఆ మాట మీద ఆట అది.

కోయెంజి కొంచెం చవక, కొంచెం వింత. ఇక్కడ ఒక రైలు చిక్కు ఉంది. శని, ఆది, సెలవు రోజుల్లో నారింజ గీత చువో ర్యాపిడ్ కోయెంజిలో ఆగదు. షింజుకులో పసుపు గీత లోకల్ ఎక్కాలి. లేకపోతే నకానోలో దిగి మళ్ళీ మారాలి. దీనికంటే తెలివైన పని, మరునొఉచి లైనులో షిన్-కోయెంజిలో దిగి లుక్ వీధి, ఆ తర్వాత పైకప్పున్న పాల్ వీధి గుండా నడుచుకుంటూ కోయెంజి స్టేషన్‌కు చేరడం. కొట్లన్నీ దారిలోనే వస్తాయి, వెనక్కి తిరగనక్కర్లేదు. పదింటికే వెళ్తే షట్టర్లు చూసి రావాలి. ఫురుగి కొట్లు చాలావరకు పదకొండు, పన్నెండు తర్వాతే తెరుస్తారు.

మిలటరీ జాకెట్లు, కార్గో ప్యాంట్లు కావాలంటే ఉయెనోలోని అమెయొకో బజారు. పాత కిమోనోలు, వాటి పైన వేసుకునే హవోరి కోట్లు కావాలంటే యురకుచో దగ్గర టోక్యో ఇంటర్నేషనల్ ఫోరం ఆవరణలో నెలలో మొదటి, మూడో ఆదివారాలు జరిగే ఒయెదో పాతసామాన్ల సంత. ఆరుబయట సంత కాబట్టి వానొస్తే ఉండదు, బయల్దేరే ముందు చూసుకోండి.

బేరం సంగతి. కోఠీలోనో బీసెంట్ రోడ్డులోనో సగం నుంచి మొదలుపెట్టే నోరు ఇక్కడ కట్టేసుకోవాలి. కొట్లో రాసిన ధరే ధర. సంతల్లో, అమెయొకోలో మాత్రం రెండు మూడు వస్తువులు కలిపి తీసుకుంటూ మర్యాదగా అడిగితే కొంచెం తగ్గిస్తారు. చీటీ మీద జెయ్‌కొమి అంటే 10 శాతం పన్ను కలిపిన ధర, జెయ్‌నుకి అంటే కలపనిది. రెండూ రాసినచోట పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచు జెయ్‌నుకి. ట్యాక్స్ ఫ్రీ బోర్డు చూసి ఆశపడకండి, అది టూరిస్టులకు. అక్కడ ఉద్యోగం చేస్తూ ఉండేవాళ్ళకు వర్తించదు.

ట్రయల్ రూములో

వేసి చూడాలంటే “షిచకు షితె మొ ఈ దెస్ క” అని అడగాలి. ఎన్ని బట్టలు లోపలికి తీసుకెళ్తున్నారో చూపించండి, కొన్నిచోట్ల ఒకసారికి మూడే. గది గట్టు ఎక్కేముందే బూట్లు విప్పాలి. బూట్లతో గట్టు మీద కాలు పెట్టడం మనింట్లో పూజగదిలోకి చెప్పులతో రావడం లాంటిది. ఫురుగికి బయల్దేరే రోజు లేసులు లేని బూట్లు, చిరుగులేని సాక్స్ వేసుకోవాలి.

లోపల పల్చటి తెల్ల సంచి వేలాడుతుంటే అది ముఖానికి. తలమీంచి వేసుకునే బట్ట తొడిగేటప్పుడు ఆ సంచి ముఖానికి కప్పుకుంటే మేకప్, చెమట అంటవు. ఊపిరాడుతుంది, భయపడకండి.

అద్దం ముందు మురిసిపోయే లోపు బట్టను తిరగేసి చూడండి. కొట్టు లైట్లు పసుపు, అందులో పసుపు మరకలు కనపడవు. ఫోన్ టార్చి వేసి కాలర్ లోపలి వైపు, చంకలు, చేతి అంచులు చూడాలి. ప్యాంటు గజ్జల దగ్గర, పిరుదుల దగ్గర బట్టను వెలుగుకు ఎత్తి పట్టండి. అటువైపు వేళ్ళు కనిపిస్తే పోగు పల్చబడింది, రెండు నెలల్లో చిరుగుతుంది. ఉన్ని కోటు అయితే పురుగు కొట్టిన చిన్న చిల్లులు కాలర్ మడత కింద దాక్కుంటాయి. జిప్పు మూడుసార్లు పైకీ కిందికీ లాగండి. చివరగా చంక దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి, సిగ్గు అక్కర్లేదు, అందరూ చూస్తారు. చీటీ మీద యొగొరె అరి అంటే మరక ఉంది, నన్ అరి అంటే ఏదో లోపం ఉంది అని. రాసి అమ్మిన లోపానికి వాపసు ఉండదు, అసలు ఫురుగిలో వాపసే అరుదు. వద్దనుకుంటే “చొత్తొ కంగయెమాస్” అని నవ్వి ఇచ్చేయండి. ఆలోచిస్తాను అని దాని అర్థం, వద్దని ఇద్దరికీ తెలుసు.

చూడ్డానికి కొత్త, లోపల పొడి

చవగ్గా, మెరుస్తూ కనిపించే పాత స్నీకర్లు, రెక్సిన్ జాకెట్లు, లోపల రబ్బరు పూతున్న రెయిన్‌కోట్లు కొనేముందు ఒక మాట నేర్చుకోండి: కసుయ్‌బున్‌కయ్. పాలీయూరిథేన్ గాల్లో తేమ పీల్చుకుని మెల్లగా విడిపోవడం అది. జపాన్ ఎండాకాలపు తేమలో ఇది ఆగదు, వాడకుండా పెట్టెలో దాచినా ఆగదు. పదేళ్ళుగా ఎవరూ తొడగని స్నీకరు రెండో రోజు స్టేషన్ మెట్ల మీద అడుగు ఊడిపోవడానికి కారణం ఇదే.

స్నీకరు అడుగు మందాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. గీతలు పడినా, పొడి రాలినా, జిగట తగిలినా వదిలేయండి. రెక్సిన్ జాకెట్టు మోచేయి మడతలో, కాలర్ దగ్గర చూడండి, పొట్టు మొదలయ్యేది అక్కడే. రెయిన్‌కోటు లోపలి వైపు చేతికి అంటుకుంటుంటే అది అయిపోయినట్టే. నిజమైన తోలు, నూలు, ఉన్ని, కాన్వాసు బూట్లకు ఈ జబ్బు లేదు. ఫురుగికి డబ్బు పెట్టాల్సింది వాటిమీదే.

ఇంటికి తెచ్చాక

కొట్లు శుభ్రం చేసే అమ్ముతాయి, అయినా పాత బట్టల గోడౌన్ వాసన ఒకటి ఉంటుంది. తెచ్చిన రోజే బీరువాలో పెట్టకండి.

ముందు బట్టకు కుట్టిన చీటీ మీద ఉతికే గుర్తులు. 2016 డిసెంబరులో జపాన్ గుర్తులు మారి అంతర్జాతీయ పద్ధతికి వచ్చాయి, కానీ మీరు కొన్నది పాతది కాబట్టి రెండూ తెలియాలి. పాత చీటీలో ఆరబెట్టే గుర్తు చొక్కా ఆకారంలో ఉంటుంది. కొత్త చీటీలో చతురస్రం: లోపల నిలువు గీత ఉంటే తీగ మీద, అడ్డగీత ఉంటే పరిచి, మూల మీద ఏటవాలు గీత ఉంటే నీడలో. చతురస్రంలో వృత్తం డ్రయర్‌కు, దాంట్లో ఒక చుక్క తక్కువ వేడి, రెండు చుక్కలు మామూలు వేడి. నీళ్ళతొట్టి కింద గీతలు పెరిగేకొద్దీ మెల్లగా తిప్పాలని.

నూలు, పాలియెస్టర్‌కు మందుల కొట్లో సాన్సొకె హ్యోహకుజాయ్ అనే ఆక్సిజన్ బ్లీచ్ పొడి తీసుకోండి. ఎన్సొకె అని ఉంటే అది క్లోరిన్, రంగు బట్ట పాడవుతుంది. 40 నుంచి 50 డిగ్రీల నీళ్ళు నాలుగు లీటర్లకు ఇరవై నుంచి ముప్పై గ్రాముల పొడి కలిపి బట్టను అరగంట నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతకాలి. అక్కడి వాషింగ్ మెషీన్లు చాలావరకు చన్నీళ్ళతో ఉతుకుతాయి, చన్నీళ్ళలో ఈ పొడి సరిగ్గా పనిచేయదు. బకెట్‌లో వేణ్ణీళ్ళు పట్టడమే మార్గం. ముందుగా లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి ఐదు నిమిషాలాగి తెల్లగుడ్డతో అద్దండి, రంగు అంటితే నానబెట్టొద్దు. ఉన్ని, పట్టు అసలు వద్దు, పొడి క్షారం వాటి పోగును తినేస్తుంది. ఇత్తడి గుండీలు, రాగి రివెట్లు కూడా నల్లబడతాయి. మిగిలిన నీళ్ళు సీసాలో పోసి మూత బిగించకండి, గ్యాసు పెరిగి పగులుతుంది.

ఉన్ని కోటుకు నీళ్ళొద్దు. ఆవిరి పట్టి, నీడలో గాలికి రెండు రోజులు వేలాడదీస్తే సగం వాసన పోతుంది. మిగతాది డ్రైక్లీనింగ్.

పొడవు తగ్గించడాన్ని సుసొఅగె అంటారు. కొత్త, ఉతకని జీన్స్ అయితే కత్తిరించే ముందు ఒకసారి వేణ్ణీళ్ళలో ఉతికి ఆరబెట్టాలి. కుదింపు ప్రక్రియ చేయని డెనిమ్ మతషిత నాలుగైదు సెంటీమీటర్లైనా పోతుంది. ముందు కత్తిరించి తర్వాత ఉతికినవాళ్ళ ప్యాంటు చీలమండ పైన నిలబడుతుంది.

వేసుకునేటప్పుడు

టోక్యో వీధుల్లో కనిపించే పొందికకు గుట్టు రంగుల్లో కంటే నిష్పత్తిలో ఉంది. కింద వెడల్పు ప్యాంటైతే పైన పొట్టి కితకే, లేదా చొక్కాను నడుములోకి దోపడం. పైన పెద్ద జాకెట్టైతే కింద నిటారు ప్యాంటు. కితకే ఐదు సెంటీమీటర్లు తగ్గితే కాళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. మొత్తం వేషంలో గట్టిగా మాట్లాడే వస్తువు ఒక్కటే ఉండాలి. మిగతావి నలుపు, నీలిమందు, లేత గోధుమ. యొకొసుకా పులిబొమ్మ శాటిన్ జాకెట్టు సుకజాన్ వేసుకున్న రోజు, ప్యాంటు నోరు మూసుకుని ఉండాలి.

మన దగ్గరి పోచంపల్లి ఇకత్ ఇక్కడ బాగా కలుస్తుంది. పోగును ముందే కట్టి రంగువేసి నేసే ఆ పద్ధతినే జపాన్‌లో కసురి అంటారు, ముదురు నీలం కసురి పని కోట్లు ఫురుగి కొట్లలో దొరుకుతాయి. ఒకటి గుర్తుంచుకోండి, నీలిమందు బట్టలు మొదట్లో రంగు వదులుతాయి. తెల్ల బూట్లు, లేతరంగు తోలుసంచి వాటి దగ్గరకు రానివ్వొద్దు.

కిమోనో, యుకతా (పల్చటి వేసవి కిమోనో) వేసుకుంటే ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది చనిపోయినవాళ్ళకు. వీధిలో ముసలమ్మలు ఆపి మరీ సరిచేస్తారు. పాత కిమోనోల యుకితకే చాలావరకు పొట్టి, మన చేతులు బయటికొస్తాయి. అందుకే మొదటి కొనుగోలుకు హవోరి నయం. అది పైన వేసుకునే కోటు, ముందు అంచులు కలవవు, చిన్న తాడుతో ముడేస్తారు. ఎడమా కుడీ గొడవ లేదు. టీషర్టు, జీన్స్ మీద వేసుకుంటే అయిపోయింది. పట్టు హవోరిని మాత్రం ఇంట్లో ఉతకొద్దు.

సైకిల్ మీద తిరిగేవాళ్ళు వెడల్పు ప్యాంటు చైన్‌లో పడకుండా వంద యెన్ల కొట్లో కాలి పట్టీ కొనుక్కోండి.

తేమ, కలరా ఉండలు, తాలింపు

జూన్ మొదట్లో మొదలై జులై మధ్య దాకా టోక్యోలో ముసురు, దాన్ని త్సుయు అంటారు. బట్టలు గదిలో ఆరేస్తే వచ్చే తడిగుడ్డ కంపుకు కారణం మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా, బట్ట ఎక్కువసేపు తడిగా ఉంటే అది పెరుగుతుంది. కాబట్టి ఫ్యాను పెట్టి ఐదారు గంటల్లో ఆరేలా చూడండి. బాత్రూములో డ్రయర్ మీట ఉంటే అందులో, లేకపోతే కాయిన్ లాండ్రీలో.

ఒషిఇరె అనే గోడ అలమర అడుగున బూజు పడుతుంది. బట్టలను గోడకు ఆనించకుండా కొంచెం ఎడం ఉంచి, తేమ పీల్చే డబ్బా జొషిత్సుజాయ్ కింద పెట్టండి. తేమ కిందికే చేరుతుంది. పురుగుమందు బొచూజాయ్ మాత్రం బట్టల పైన పెట్టాలి, దాని ఆవిరి గాలికంటే బరువు.

ఇక్కడ మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. ఊరినుంచి తెచ్చిన కలరా ఉండలు, అమ్మ పెట్టిచ్చిన కర్పూరం, అక్కడ కొన్న పారాడైక్లోరోబెంజీన్ పొట్లం, మూడూ ఒకే పెట్టెలో వేయడం. ఇవి ఒకదానితో ఒకటి కలిస్తే కరిగే వేడి తగ్గిపోయి ద్రవమవుతాయి, పట్టు మీద, ఉన్ని మీద పోని మరకలు పడతాయి. ఏదో ఒకటే వాడండి. వాసన లేని పైరెత్రాయిడ్ రకాన్ని దేనితోనైనా కలపొచ్చు, కానీ ఇత్తడి, రాగి గుండీలున్న బట్టల దగ్గర వద్దు.

ఇక తాలింపు. ఒంటిగది అపార్ట్‌మెంటులో పొయ్యి నడవలో ఉంటుంది, కోటు కొక్కెం దాని ఎదురుగానే ఉంటుంది. ఇంగువ, కరివేపాకు పోపు వాసన ఉన్నికి పట్టిందంటే మర్నాడు కిక్కిరిసిన రైల్లో మీకు తెలియదు, పక్కవాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళు ఏమీ అనరు, కొంచెం జరుగుతారు. పోపు వేసే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, అయ్యాక పావుగంట దాకా తీయకండి. కోట్లు గది లోపల, తలుపు వేసి ఉంచండి.

తిరిగి అమ్మేటప్పుడు

విసుగొచ్చిన బట్టను కొట్టుకే అమ్మొచ్చు, కయ్‌తొరి అంటారు. పాత వస్తువుల వ్యాపార చట్టం ఉంది కాబట్టి కొట్లు గుర్తింపు అడుగుతాయి, జైర్యూ కార్డు (విదేశీయుల నివాస కార్డు) చూపాలి. ఇల్లు మారాక 14 రోజుల్లో వార్డు ఆఫీసుకు వెళ్ళి కార్డు వెనక కొత్త అడ్రసు రాయించుకోకపోతే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. కొట్లు రుతువుకు ముందు కొంటాయి: కోటు సెప్టెంబరు, అక్టోబరులో ఇస్తే ధర వస్తుంది, మార్చిలో ఇస్తే పైసల్లో లెక్క. కొనేవాళ్ళకు తిరగేసి చదువుకుంటే, చలికోటు కొనాల్సింది ఫిబ్రవరి చివర.

అమ్మకానికి పనికిరానివి వార్డు పాతబట్టల సేకరణ రోజున పెట్టాలి. ఉతికి, ఆరబెట్టి, లోపల కనిపించే సంచిలో మూతి కట్టి, 23 వార్డుల్లో మామూలుగా ఉదయం ఎనిమిదిలోపు. వాన పడుతుంటే ఆ వారం పెట్టకండి. తడిస్తే బూజు పట్టి ఎవరికీ పనికిరావు, చాలా వార్డుల్లో వాన రోజు పెట్టవద్దనే నియమం ఉంది.